తూకం గుండు

సజ్జా క్యాంపుల, పద్నాలుగో నంబరు రూముల
శుక్రవారం పొద్దుగూకినంక
సూట్‌కేసు పండవెట్టి మీద తుండుగుడ్డ పరిస్తే
అదే మా బల్ల.
పైసలు కనవడొద్దు, వాచ్‌మన్ తొంగిచూస్తడు.
అందుకే నీళ్ళ సీసాల మూతలు.
నీలంది దిర్హం, తెల్లది అయిదు.
ఎర్ర మూత ఒక్కటే ఉండె, ఏ సీసాదో ఏమో,
దాని విలువ మీద ప్రతిసారి లొల్లే.

నేను మేస్త్రిని.
దారానికి గుండు కట్టి ఇడిసి
గోడ ఎటు వంగిందో చూసుడు నా పని.
మొఖం ఎటు వంగిందో చూసుడు మాత్రం
ఉట్టిగ రాలే.
రెండు నెల్ల జీతం ఈ తుండుగుడ్డ మీద పోసినంక
వచ్చిన చదువు.

చెప్త ఇను.
పోశెట్టికి ఆసుల జత పడ్డదనుకో,
నోట్లె సోంపు నములుడు ఆగిపోతది.
ఏం పడకపోతే కూనిరాగం.
సిక్కోలు తవిటయ్య
ఉత్త ముక్కలతో ఉరికేటప్పుడు
మూతలను ఒకదాని మీద ఒకటి సక్కగ పేరుస్తడు,
నిజంగ బలమున్ననాడు కుప్పను అట్లనే నూకుతడు.
కండ్లల్ల కండ్లు పెట్టి చూసేటోని చేతుల ఏం లేదు.
మంచి ముక్క పడ్డోడు మొదలు గోడ దిక్కు చూస్తడు,
పోయినేటి క్యాలెండరుతోని ఏదో పనున్నట్టు.

లస్మయ్యను చదువుడు ఎవ్వనితోని కాదు.
ఎప్పుడూ బ్లైండే ఆడుతడు.
"ఏజెంటుకు లక్షా ఇరవై కట్టిననాడే ముక్కలు చూడలే,
ఇప్పుడెందుకు చూస్తరా" అంటడు.

ఇగ ఖాదర్‌వలి.
కడప దిక్కోడు, క్రేను తోల్తడు.
గాలిల నాలుగు టన్నుల ఇనుము ఊగుతుంటే
నిలవెట్టే చెయ్యి
మూడు ముక్కలకు వణుకుతదా?
ఆర్నెల్లు వాని మొఖమే చూసి ఓడిన.
ఒకనాడు వాడు పెంచుతనే ఉన్నడు,
కింద పడ్డ మూత కోసం వంగిన.
కనవడ్డది.
కాలి బొటనవేలు
లేని పెడలు తొక్కుతున్నది.
ఆ రాత్రి షో అడిగిన. వాని దగ్గర
ఇస్పేటు తొమ్మిది, రెండు చిల్లర ముక్కలు.
అప్పటిసంది వాని మొఖం చూసుడే బందు పెట్టిన.

మూడో నెల జీతం ఆగిననాడు
క్యాంపు బాసు మా రూముకే వచ్చిండు.
తుండుగుడ్డ మలిచినం, లోపల మూతలు గలగలమన్నయి.
దర్వాజల నిలవడి చెప్పిండు,
వచ్చే గురువారం. పక్కా.
గడియారం పట్టీ సర్దుకున్నడు.
ఎవ్వరడగకున్నా ఇంకోసారి చెప్పిండు.
పోశెట్టి కండ్లల్లకు సూటిగ చూసిండు.

ఎనిమిది మందిమి.
ఎనిమిది మందికీ తెలిసింది.
తవిటయ్య నా మోకాలు గిల్లిండు.
ఇంత కచ్చా ఆటగాణ్ణి, మా ఆటల కూసుంటే,
ఒక్క రాత్రిల బనీను మీద తోలేటోళ్ళం.

కని షో అడగాలంటే
ముందు మనం రెట్టింపు పెట్టాలె.
వాని దిక్కు కుప్పల
మా పాస్‌పోర్టులున్నయి, మూడు నెల్ల చెమట ఉన్నది,
రేపటి బస్సు, ఎల్లుండి వీసా ముద్ర.
మా దిక్కు ఎర్ర మూత.
దాని విలువ ఎంతో ఇంకా తేలనే లేదు.

అంత పెద్ద కుప్ప ముందలున్నోనికి
మొఖం దాసుకునే అక్కర ఏముంటది?

"సరే సార్" అన్నది మొదలు నేనే.
ప్యాక్.
పోశెట్టి ప్యాక్. తవిటయ్య ప్యాక్.
లస్మయ్య ఎప్పటిలెక్కనే, ముక్కలు చూడకుంటనే.
కొత్తగొచ్చిన ముగ్గురు పోరగాండ్లు
మమ్ముల చూసి తలకాయ ఊపిండ్రు.

ఖాదర్‌వలి లేచిండు.
వచ్చీరాని హిందీల అన్నడు,
కాయితం మీద రాసియ్యి సార్,
తారీకేసి, సంతకం పెట్టి.
జోరుగ కాదు,
గ్లాసెడు నీళ్ళు అడిగినట్టు.

బాసు నవ్విండు. పెన్ను లేదన్నడు.
ఖాదర్‌వలి జేబులకెళ్ళి తీసి ముందర పట్టిండు.
రూముల ఏసీ ఒక్కటే మాట్లాడుతున్నది.

అలవాటు కొద్ది నేను కిందికి చూసిన.
బొటనవేలు
కదులుతలేదు.