కిటికీ గూట్లో ఆఖరి స్టేషన్

నెలకోసారి, మొదటి మంగళవారం,
నిచ్చెనెక్కి నేనొక దేశానికి ఆకాశాన్నవుతాను.

కార్న్‌వాల్‌లో, చేపల వాసన ఇంకా వదలని వీధిలో,
డెంజిల్ ట్రెవార్థా ఇంటి అటక మీద
పదమూడు అడుగుల బ్రాంచి లైను.
నేను అద్దం మీద నీళ్ళు కొట్టగానే
అక్కడ స్టేషన్ మాస్టరు గొడుగు విప్పినట్టుంటుంది.
ఆ గొడుగు ఎప్పుడూ విప్పే ఉంటుందనుకోండి,
ఎండకీ వానకీ ఒకేలా అతికించేశారు.

ఇంజిన్లు మూడు.
మొదటిది ఆవపిండి డబ్బాకి పుట్టింది.
ఒంటికి మించిన పొగగొట్టం.
ఎత్తు ఎక్కాలంటే ముందు కాస్త వెనక్కి జరిగి
గొంతు సవరించుకుంటుంది.
రెండోదాని పేరు మోర్వెన్నా అత్త.
ఆవిడ బయల్దేరిన సంగతి
వచ్చాక గాని ఎవరికీ తెలియదు.
మూడోది షెడ్డు దాటదు. ఏమని అడిగితే
"దానికి మనసు లేదు" అన్నాడు డెంజిల్,
పెళ్ళికి రానని భీష్మించుకున్న
మేనమామ గురించి చెప్పినట్టు.

బోగీల సంగతి ఇంకో కథ.
ఉప్పు పెట్టెలో నిజం ఉప్పే, ముసురు పడితే చెమ్మగిల్లుతుంది.
పియానోలు మోయడానికి ఒక బల్లబండి,
ఇన్నేళ్ళలో ఎవరూ పియానో పంపలేదు.
చచ్చిపోయిన కానరీ పిట్ట పేరున నల్ల పెట్టె, వెండి అంచుతో,
ఏడాదికొక్కరోజు సొరంగం దాకా పోయి వస్తుంది.
సొరంగమంటే పాత బూటు.
చిట్టచివర గార్డు పెట్టె. గార్డుకి ఒక చెయ్యి లేదు,
కాబట్టి ఈ లైనులో ఎర్రజెండా ఉంది, పచ్చజెండా లేదు.
ఆగమంటే బళ్ళు ఆగుతాయి.
కదలడం మాత్రం వాటి దయ.

పట్టాలు సముద్రం దాకా వెయ్యాలనుకున్నాడట.
బల్ల అయిపోయింది.
కిటికీ గూట్లో ఒక బోర్డు నిలబెట్టి
"సముద్రం" అని రాసి ఊరుకున్నాడు.
బోర్డు వెనక అద్దం, అద్దం వెనక నేను,
నా వీపు వెనక, మూడిళ్ళ కప్పుల అవతల,
నిజం సముద్రం.

ఇటు చివర, పొగగూటి పక్క స్టేషన్లో,
ఎర్రకోటు వేసుకున్న ఒకావిడ.
నా చిటికెనవేలి గోరంత ముఖం, చేతిలో సంచీ.
పంతొమ్మిదేళ్ళుగా నిలబడే ఉంది.
"మా లవ్‌డే అతికించింది.
రెండు చుక్కలు చాలంటే వినలేదు, సగం ట్యూబు పిండింది.
ఏ పనైనా అంతే."
ఆ మాట చెప్పి చాలాసేపు టోపీ దులుపుకున్నాడు.
రోజూ పదకొండూ పదికి బండి వస్తుంది, ఆగుతుంది, పోతుంది.
గోడ మీద టైంటేబుల్లో, అతని గుండ్రటి అక్షరాల్లో,
అది కూడా ఉంది:
ఎర్రకోటు. ఎక్కరు.

ఈ మంగళవారం అద్దానికి సబ్బు పూసి చూద్దును గదా,
డెంజిల్ మోకాళ్ళ మీద ఉన్నాడు.
ఒక చేతిలో గడ్డం గీసుకునే బ్లేడు,
రెండో చేత్తో వేడినీళ్ళ చెంచా.
చెయ్యి వణుకుతుంటే ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.
ఆవిడ ఊడి వచ్చింది.
చెప్పులు మాత్రం ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయాయి.

పెట్టెల తలుపులన్నీ రంగుతో గీసినవే, ఒక్కటీ తెరుచుకోదు.
కాబట్టి ఆవిణ్ణి ఉప్పు మీద కూచోబెట్టాడు.
ఆవపిండి డబ్బా కదిలింది.
మిట్ట దగ్గర ఆగింది, వెనక్కి జరిగింది, గొంతు సవరించుకుంది.
అతను వేలు పెట్టి తొయ్యలేదు.
నిచ్చెన మీద నా కాలు తిమ్మిరెక్కింది.
ఎంతసేపో.
తర్వాత, దానికి ఏం తోచిందో ఏమో, ఎక్కేసింది.

బోర్డు దగ్గర బండి ఆగేసరికి
నా గుడ్డ అద్దం కింది మూలకి చేరింది.
అక్కడ నురగ తెల్లగా పొంగి, విరిగి, మెల్లగా జారుతోంది.
ఉత్తకాళ్ళతో అంత దూరం వచ్చిన మనిషి.
నేను తుడవలేదు.

"ఆ మూల వదిలేశావు" అన్నాడు డెంజిల్
కింద గుమ్మంలో డబ్బులిస్తూ.
తుడవమని మాత్రం అనలేదు.