కంటిన్యుటీ

వార్జాజాత్ ఊరి బయట, అట్టతో కట్టిన కోట వెనక డేరాలో
తెల్లవారుజామున నాలుగింటికే నా కొలువు.
కుంచె, నల్లరంగు, స్పిరిట్ సీసా.
వరసలో వచ్చిన ప్రతి మణికట్టు మీదా
మిగిలిన ఆయుష్షు రాస్తాను.

కథలో పైనగరం వాళ్ళకి మూడొందల ఏళ్ళు,
దిగువ వాళ్ళకి ఇరవై తొమ్మిది.
దిగువ వాళ్ళంతా మా ఊరివాళ్ళే.
పైనగరం విమానంలో దిగింది,
దానికి వేరే డేరా, చల్లగాలి, కోసిన పుచ్చకాయ.

మూహా చెయ్యి చూడక్కర్లేకుండానే తెలుసు నాకు.
కోబాల్ట్ గనిలో పదిహేడేళ్ళు తవ్విన చెయ్యి,
గోళ్ళ కింద గని ఇంకా పోలేదు.
ఆ రోజు నేను రాసింది
నాలుగు గంటల పదకొండు నిమిషాలు.
"ఇజ్జా, ముందో అంకె చేర్చు, ఎవరు చూస్తారు?"
"కెమెరా చూస్తుంది."
నవ్వబోయి దగ్గాడు. కుర్చీ కూడా దగ్గింది.

నుదుట రాసేవాడి చెయ్యి వణుకుతుందో లేదో గానీ
నాది వణికింది.
తుడిచి మళ్ళీ రాశాను.

ఆ వారంలో పదకొండుసార్లు చచ్చాడు:
గోడవార, మెట్ల మీద, ఒకసారి హీరో బూటు కింద
(బూటుకి దుమ్ము సరిపోలేదని అది మళ్ళీ తీశారు).
చావుకి రెండొందల దిర్హాములు,
కళ్ళు తెరుచుకుని చస్తే యాభై ఎక్కువ.
గడ్డం గీయకూడదు, ఒళ్ళు చేయకూడదని
కాగితం మీద వేలిముద్ర.

మధ్యాహ్నం కస్కస్ మా వరస సగానికే అయిపోయింది.
వంటవాడు గిన్నె బోర్లించాడు.
"చూశావా, మనకి నూకలు చెల్లాయి" అన్నాడు మూహా,
అడుగున అంటినవి వేలితో గీకుతూ.

సాయంత్రం బస్సు తొందరలో
చెరపకుండానే ఎక్కేశాడు.

గురువారం రాలేదు.
సీను సగంలో ఉంది.
రిజిస్టరులో ఫోటో: ఎడమ మణికట్టు, నాలుగు, పదకొండు.
అదే ఎత్తువాణ్ణి తెచ్చి, అదే చొక్కా తొడిగి కూచోబెట్టారు.
హస్సూ అట. మీసం సరిగా రాలేదింకా.
"నిన్నటి లెక్క తప్పకూడదు" అంది కంటిన్యుటీ ఆవిడ.
తప్పలేదు.
చర్మం మారింది గానీ
నిమిషం పోలేదు.

శనివారం మూహా కూతురు ఇత్తో వచ్చింది,
బాకీ పడ్డ మూడు చావుల కూలికి.
లెక్కల బల్ల ఎటో చూపించాను.
వెళ్ళబోయి ఆగింది.
"మా బాబాయిలు కడిగారు. ఎంత రుద్దినా సబ్బుకి పోలేదట.
అలాగే పెట్టేశారు. దేనితో పోతుంది అది?"

సీసా మూత పెట్టడం మరిచిపోయాను,
సగం గాలికే పోయింది.