అడ్డం రాయి

ఫాతిమా నగర్ బ్రిడ్జి ఎక్కాలంటే
పాన్ డబ్బా కాడికెల్లే ఉరుకు మొదలు పెట్టాలె.
ఆడ ఆగినమా, అయిపోయినం.
ఆగిన బండి మొండిది.
దాన్ని కదిలిచ్చుడంటే
అలిగి పండుకున్న మనిషిని అన్నానికి లేపినట్టు.
కదిలిన బండి సుత మొండిదే,
ఆ సంగతి అవతలి దిగుడుల తెలుస్తది.

మూడు ఐసు దిమ్మెలు, మీద వరి పొట్టు, తడి గోనె సంచులు.
ముందర బాపు, పేరు ఓదెలు,
సీటు మీద కూసోడు, పెడళ్ల మీద నిలవడుతడు.
తన బరువే తనకు కూలి మనిషి.
ఓసారి ఈ కాలు మీద, ఓసారి ఆ కాలు మీద
కిందికి పడుతనే ఉంటడు,
ఆయన పడ్డప్పుడల్లా బండి జానెడు మీదికి పోతది.

వెనుక నేను.
చేతులు ఐసు మీద, కాళ్లు తారు మీద.
చేతులకు చలికాలం, కాళ్లకు ఏప్రిల్.
తారు మెత్తవడి చెప్పును పట్టుకుంటది.
పట్టుకోనీ.
అది పట్టుకోకుంటే
నేను దేన్ని తన్ని ముందుకు పోవాలె?

తొమ్మిదో తరగతిల వీరస్వామి సారు
బోర్డు మీద ఏటవాలు గీత గీసి
గీత మీద ఒక డబ్బా పెట్టిండు.
కిందికొక బాణం, వెనక్కొక బాణం.
రాపిడి లేదనుకోండి అన్నడు.
అనుకున్నం. చాక్‌పీసు డబ్బా సప్పుడు లేకుంట జారింది.
నేను లేచి అడిగిన:
సార్, డబ్బా కరుగుతుంటే?
క్లాసంత నవ్వింది. సారు నవ్వలే.
గంట కొట్టేదాక
బోర్డు దిక్కు చూసుకుంట నిలవడ్డడు.

ఇయ్యాల నడిమిట్ల ఆర్టీసీ బస్సు ఆగింది.
దాని ముందర ఆటో, ఆటో ముందర గొర్ల మంద.
కూడబెట్టిన ఉరుకంతా ఒక్క బ్రేకుకు పోయింది.
బాపు "రాయీ!" అన్నడు.
అదే నా అసలు పని.
మడికొండ గుట్ట కింద ఏరుకొచ్చిన రాయి,
మూడేండ్ల సంది మా బండిలనే ఉంటది,
టైరు కొరికి కొరికి ఒక మూల నున్నగైంది.
వెనుక చక్రం కింద పెట్టిన.
నూటయాభై కిలోల ఐసు, బండి, బాపు,
అందరొచ్చి ఆ పిడికెడు మూల మీద ఒరిగిన్రు.
బ్రిడ్జి కింద గూడ్సు పోయింది.
రాయి వణికింది. జరగలే.
ఊపిరి బిగవట్టి దాని దిక్కే చూసిన,
చూపు సుత కొంచెం ఆపుతదేమోనని.

గొర్లు పోయేదాక నీళ్లు కారినయ్.
సన్నటి ధార, వాలెటుంటే అటు,
దాన్ని ఎవరూ నూకనక్కర్లేదు.
బండి తేలికైతుంది, సంబురపడాల్నా?
యాకూబ్ సేటు కాంటా చూసి పైసలిస్తడు,
రోడ్డు తాగినదానికి ఇయ్యడు.

దిగుడుల లెక్క వేరే.
ఇప్పుడు నేను నూకను, గుంజుత.
వెనుక కమ్మీ పట్టుకొని, మడమలు తన్నిపెట్టి,
ఇందాక పొమ్మన్న బండినే వద్దు వద్దంట.
బ్రేకు రబ్బర్లు పోయినేడు వేసినయ్.
బాపు ఎడమ చెప్పును ముందు టైరుకు ఆనిస్తడు,
రబ్బరు కాలిన వాసనొస్తది.
ఇంట్ల చూడాలె ఆ జోడు:
కుడిది ఇంకా కొత్తగనే ఉంటది,
ఎడమ దాంట్లకెల్లి గచ్చు కనవడతది.

కాంటా మీద నూట ఇరవై ఎనిమిది.
సేటు పెన్ను చెవిల పెట్టుకొని
"మిగిలింది గొర్లను అడుగుండ్రి" అన్నడు.
బొచ్చెలు, రవ్వులు నోర్లు తెరుచుకొని
మా ఐసు కింద పండుకున్నయ్.

వాపసు ఖాళీ బండి.
ప్రతి గుంతకు ఎగురుతది,
రాయి అటు దొర్లి ఇటు దొర్లి డబడబమంటది.
చాయ్ బండి కాడ ఆపి
బాపు ఎడమ చెప్పు విప్పిండు. అరికాలు ఎర్రగ.
పొద్దటి సంది ఐసు పక్కపొంటి ఉన్న రాయి
ఇంకా సల్లగనే ఉంది.
తీసి కాలు కింద పెట్టిన.
బాపు దాని మీద పాదం మోపి
చాయ్ అయిపోయేదాక
ఏం మాట్లాడలే.