సూది సంచి

శనివారం ఒంటిపూట బడి విడిచాక
ఏడుగురు వచ్చారు.
చెప్పులు గుమ్మం బయట విడిచి ఒక్కటే మాట:
"మామా, నీ సంచి చూడాలె."

నేను డాక్టర్ను కాను.
సిరొంచలో ఒక పశువైద్యుడి వెనక పదకొండేళ్లు
పెట్టె మోసి సూది పట్టడం నేర్చినవాణ్ని.
ప్రాణహిత ఒడ్డున ఏ బర్రె కాలు ఈడ్చినా
ఏ ఎద్దు మెడ వాచినా
అర్ధరాత్రి నా తలుపే కొడతారు.
సంచి విప్పమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ముందు నిలబడింది దుర్గం వాళ్ల వనిత.
చంకలో పొడుగాటి రిజిస్టరు.
అట్ట మీద మరాఠీలో గిధాడ్ నోందవహీ,
దాని కింద పెన్సిలుతో, సన్నగా,
రాబందుల లెక్క.
బడిలో తెలుగు చెప్పరు.
అవతలి ఒడ్డున అమ్మమ్మ దగ్గర
ఎండాకాలం సెలవుల్లో పట్టుకున్న అక్షరాలు.
'బ'కు పొట్ట కాస్త ఎక్కువైంది.

రిజిస్టరు తెరిచి సాక్షిలా చదివింది:
"పొలాల అమాసకు పదకొండు.
దసరా దాటినంక నాలుగు.
మొన్న ఐతారం మద్దిచెట్టు కింద ఒక్కటి,
మెడ ఏలాడేసి కూసుంది.
మేం దగ్గరికి పోయినా లేవలే.
పొద్దుగూకేదాంక చూసినం.
తెల్లారి లెక్కల కలపలే."

మా అమ్మ కాలంలో
ఇంటి మీద రాబందు వాలితే
ఆర్నెల్లు ఆ ఇల్లు పాడుబెట్టేవాళ్లు.
ఇప్పుడు వాలడానికి అదే లేదు.
ఇళ్లన్నీ క్షేమం.
వాగులో పడేసిన గొడ్డు మాత్రం
పది రోజులు కుళ్లుతుంది,
కుక్కలు బలిసి మేకల మీద పడుతున్నాయి.
ఈ రెండు మాటల్నీ
నేనెప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

సంచి విప్పాను.
మడావి వాళ్ల జంగు సారు రాసిచ్చిన చీటీ పట్టుకున్నాడు.
వనిత ఒక్కో సీసా పేరు
ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంటే
వాడు చీటీలో వెతికి "లేదు" అన్నాడు.
లేదు. లేదు.
జ్వరానిది లేదు. నట్టలది లేదు.
అడుగున, పాత పంచె ముక్కలో చుట్టి ఉంది
ఇంకొకటి.

"ఇది ఉంది," అన్నాడు జంగు.

మనుషుల నొప్పికి చేసిన మందు అది.
నది దాటితే చిన్న కొట్లో అడగకుండానే ఇస్తారు.
పొద్దున వేస్తే ఆవు మాపటికి లేచి గడ్డి పీకుతుంది,
రైతు వంద చేతిలో పెడతాడు.
లేవని ఆవును తాడు కట్టి వాగుకు ఈడుస్తారు.
ఆవు చచ్చినా నా మందు చావదు,
దాని కండలో ఇంకా పని చేస్తూనే ఉంటుంది.
తెలియక వేశానని చెబుదామనుకున్నా.
తెలియకపోతే గుడ్డలో ఎందుకు చుట్టానూ?

"ఈ యేడు ఎన్నిటికి ఏసినవ్ మామా?"
గట్టు కింది లసుమయ్య ఎర్రావు.
రేవు దగ్గరి ముసలి దున్న.
సడ్మెక్ వాళ్ల జత ఎడ్లలో ఎడమది.
వేళ్లు మడుస్తుంటే రెండో చెయ్యి కావలసి వచ్చింది.
"ఏడు."
"అండ్ల సచ్చినయి?"
"రెండు."
రాసుకుంది. నా పేరు రాస్తుందని ఎదురుచూశాను.
"పేర్లు రాయద్దన్నడు సారు. లెక్కనే."
పేరు రాసి ఉంటే కోపమన్నా వచ్చేది.

సీసా వాళ్లు ముట్టుకోలేదు.
"నువ్వే బొంద తీసి పాతిపెట్టు.
బాయికి దూరంగ," అంది జంగు వెనకాల ఉన్న బుడ్డది,
ముక్కు ఎగపీల్చుకుంటూ.

నాలుగో రాత్రి లసుమయ్య వచ్చాడు,
ఈసారి కోడె.
చీటీలో లేని మందు వేశాను.
"ఆ ఎనకటిది లేదా? ఇది ఇంత ఆలస్యమేంది?"
అని తెల్లవార్లూ గొణిగాడు.
లాంతరు పట్టుకుని కోడె పక్కనే కూర్చున్నాను.
లేస్తుందో లేదో ఇంకా తేలలేదు.

తూరుపు తెల్లబడ్డాక తలెత్తితే
పైన అన్నీ కాకులే.
ఊరికే లెక్కపెట్టాను,
పదహారు.
మధ్యలో ఒకసారి తప్పి
మళ్లీ మొదటినుంచి.