గాలింపు

హైమా దాటినంక రోడ్డు దిగితే
ఇగ తొవ్వ లేదు, తెల్లటి సున్నపురాతి నేల తప్ప.
చెట్టు లేదు, గుట్ట లేదు,
నీడ కావాలంటే బండి కిందికి దూరాలె.
ఇసోంటి నేల మీద నల్లగ కనబడ్డదేదైనా
ఒంటె పెంటన్న కావాలె,
టైరు ముక్కన్న కావాలె,
లేకుంటే పైనుంచి పడ్డదన్న కావాలె.

నేను ఈ క్యాంపుల వంటోన్ని. పేరు ఓదెలు.
ఇంతకు ముందు కరీంనగర్ దిక్కు క్వారీల
పదకొండేండ్లు గ్రానైటుకు బెజ్జాలు కొట్టిన.
చేతిల పడంగనే రాయి తన బరువు తనే చెప్తది.
అబద్ధమాడేది బిల్లు పుస్తకమే.

పొద్దుగూకే యాళ్ల డాక్టర్ షమ్సా
నా అరచేతిల ఒకటి పెట్టింది.
కోడిగుడ్డంత లేదు, పావుకిలో బాటంత బరువు.
దారం కట్టిన అయస్కాంతం
పొదుగు చూసిన దూడ లెక్క దాని మీదికి ఉరికింది.

కోసిన మొకం చూపెట్టింది:
లోపల కొర్రల లెక్క గుండ్రటి గింజలు.
సూర్యుడు ఇంకా సరిగ రాజుకోనప్పుడు,
భూమి అన్న మాటే లేనప్పుడు,
దుమ్ముల కరిగి, దుమ్ములనే గడ్డకట్టిన చినుకులట.
"నాలుగువందల యాభై ఆరు కోట్ల ఏండ్లు"
సగం అరబ్బీల, సగం హిందీల చెప్పింది.
నేను సున్నాలు లెక్కబెడుతుంటే
ఇటు అన్నం పొంగి మంట ఆరింది.

తెల్లారి ఉప్మా కలుపుతుంటే సమజైంది.
చెయ్యి ఆపితే రవ్వ ఉండ కడ్తది,
ఉండకు ఉండ అంటుతది,
పెద్దది చిన్నదాన్ని మింగుతది.
అట్ల పుట్టినోళ్లేనట అంగారకుడు, శుక్రుడు, మనం.
కాగి కాగి, ఇనుము అడుక్కు దిగింది,
తేలిక రాయి మీగడై పైన నిలిచింది.
ఆ మీగడనే నేను
కోసి కోసి లారీలకు ఎత్తింది.

ఈ రాయి ఏ కుండలకూ పోలేదు.
దీని ఇనుము దీంట్లనే చిటికెడు చిటికెడు చల్లి ఉన్నది.
గ్రహం కాలేకపోయింది గనుకనే
గంత పాత ముచ్చట యాదుంచుకున్నది.

రాయికి నంబరు పడ్డది.
దొరికిన చోటు, తారీఖు, బరువు.
సర్కారు కాయితం లేంది దేశం దాటొద్దట.
నా కార్డు మీద గూడ గిట్లనే ఉంటది,
బరువొక్కటి రాయలేదు.

మా అవ్వ బియ్యం గాలిస్తే
గిన్నె అడుగున మిగిలిన రాళ్లను వాకిట్లకు ఇసిరేది.
వీళ్లు ఎడారిని గాలిస్తరు,
ఆ మిగిలిన రాయి కోసమే.

మధ్యాహ్నం డాక్టరమ్మ పంటి కింద
కటుక్కుమన్నది.
నా తల భూమిలకు పోయింది.
ఆమె ఊంచలేదు, తిట్టలేదు.
ఏళ్లతో తీసి, కడిగి, భూతద్దం కింద
చాన సేపు తిప్పి తిప్పి చూసింది.
పలుగురాయి. "బస్తా ఎక్కడిది?"
సుల్తానాబాద్ మిల్లు, అని చదివి చెప్పిన.
"మీ దిక్కు రాయి. రెండువందల యాభై కోట్లు ఉండొచ్చు" అన్నది.
చిన్న సంచిల వేసి, పెన్ను మూత తీసి
నా దిక్కు చూసింది:
దొరికిన చోటు
ఏమని రాయాలె?