అవతలి లైన్‌లో చండూరు

మా ప్రహరీకి అవతల కందిచేను,
చేనుకు అవతల బత్తాయి తోట,
తోటకు అవతల పత్తి మిల్లు రేకులు,
రేకులకు అవతల చండూరు.
కిలోమీటరున్నర ఉంటుందని తేల్చింది పురుషోత్తం గారు,
కాలవల శాఖలో ఈ.ఈ.గా దిగిపోయిన మనిషి.
నడిచి కాదు,
టెర్రస్ మీద నిలబడి.

సాయంత్రం ఆరింటికి మా సిమెంటు బెంచీల ముందు
ఆ ఊరు రోజూ ఒకసారి విచారణకొస్తుంది.
దుమ్మంటారొకరు.
రాత్రి పదకొండైనా మైకు ఆపరంటారు.
విమల గారికి అక్కడి నీళ్లంటే భయం,
పనికొచ్చే సత్తెమ్మ వంకర మోకాళ్లు చూసినప్పటి నుంచి.
"గవి చిన్నప్పటి బాయినీళ్లమ్మా,
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయి" అని
సత్తెమ్మ గిన్నెలు తోముతూ ఎన్నిసార్లు చెప్పిందో.
విమల గారు తల ఊపుతారు,
కరివేపాకు కూడా ఫిల్టరు నీళ్లతోనే కడుగుతారు.

ఫర్హత్ ఆపాకు మాత్రం ఆ ఊరు ముద్దు.
పీరీల డప్పు గాలికొస్తే చదివే పుస్తకం మూసేస్తుంది.
అక్కడింకా మనుషులు మనుషుల్లా ఉన్నారంటుంది.
ఆమె కూడా ఎన్నడూ పోలేదు.

నేనేమీ అనను.
నాకు ఆ ఊరు కంటికి తెలియదు, చెవికి తెలుసు.
డెబ్బై ఎనిమిది నుంచి నల్లగొండ ఎక్స్ఛేంజిలో
హెడ్‌సెట్ కింద జడ నలుగుతుంటే
చండూరు నా బోర్డు మీద ఎడమ నుంచి మూడో రంధ్రం.
భీవండి దొరికిందా బిడ్డా, అని
మగ్గం పనికి పోయిన కొడుకు కోసం అడిగే తల్లులు.
పత్తి ధర రెండుసార్లు చెప్పించుకుని
మూడోసారి నమ్మని సేటు.
మూడు నిమిషాలూ ఏడ్చి
ఒక్క ముక్కా చెప్పకుండా పెట్టేసిన ఒక గొంతు.
దానికీ బిల్లు వేశాను.
వినకూడదని రూలు.
విననట్టు వినడమే నా ముప్పై ఏళ్ల ఉద్యోగం.

మొన్న మంగళవారం నా కళ్లజోడు స్క్రూ ఊడింది.
మా వ్యాను హైదరాబాదు పోయేది శనివారమే.
తోట గట్టు పట్టుకుని నడిచాను.
నా మోకాళ్ల లెక్కన కిలోమీటరున్నర అంటే
యాభై నిమిషాలు, రెండు కూర్చోవడాలు.

బస్టాండు పక్కన గడియారాల డబ్బా.
బిక్షం అట అతని పేరు, నా కొడుకు ఈడు వాడు.
స్క్రూ బిగిస్తూ తల ఎత్తకుండా అడిగాడు,
"లైట్లోళ్లా మీరు?"
అర్థం కాలేదు.
"గదే, గోడ మీద రాత్రంతా లైట్లు. గా ముసలోళ్ల వెంచరు."
అవునన్నాను.
"గా గోడ పక్క కంది మాదే.
ఎనిమిది సాళ్లు పూతకు రాలే.
రాత్రిని గూడ పగలే అనుకుంటదమ్మా కంది.
పచ్చగ నిలబడతది గని, పూయదు."
కోపం లేదు గొంతులో.
నాకు గొంతులు తెలుసు.
తర్వాత, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు,
"ముసలోళ్లకు నిద్ర పట్టదంట గద, అందుకేనా లైట్లు?
అంతసేపు ఏం జూస్తరమ్మా?"

ఇరవై రూపాయలు తీసుకున్నాడు.
మళ్లీ ఊడితే అని ఇంకో స్క్రూ కాగితంలో చుట్టిచ్చాడు.

ఆరింటికి బెంచీ మీద
ఎట్లుంది ఊరు, అన్నారు పురుషోత్తం గారు.
మన గోడ పక్క కంది పూయలేదట, అన్నాను.
ఆయన నా వైపు కాక
నా కళ్లజోడు వైపు చూశారు.
అర్జీ రాస్తే ఫర్హత్ ఆపా ఉర్దూలో సంతకం చేసింది.
మైకు సంగతి కూడా రాయండి అన్నారు విమల గారు.
రాయలేదు. ఆమె సంతకం చేయలేదు.
కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది.
ఈ ఏటి పూత ఎట్లాగూ పోయింది.

రాత్రి రెండింటికి లేచి
బిగించిన కళ్లజోడు పెట్టుకుని తూర్పు గోడ చూశాను.
పద్నాలుగు దీపాలు.
వాటి కింద ఎనిమిది సాళ్లు,
నిటారుగా, నాలాగే మేలుకుని,
పొద్దింకా గూకలేదనుకుంటూ.