మూతెడు

చీపురుపల్లి రైలుగేటు పడితే
నాకు పదకొండు నిమిషాలు జీతంతో కూడిన సెలవు.
కరెంటు మీటర్లు చదివేవాణ్ణి.
మే నెల ఎండలో రెండొందల గుమ్మాలెక్కి
ఎవరింట్లో ఫ్యాను ఎంత తిరిగిందో
ఎవరి ఫ్రిజ్జు రాత్రంతా ఎంత మూలిగిందో
అంకెల్లో పట్టుకొచ్చేసరికి
నా నాలిక పాత బిల్లులా ఎండి
చుట్టచుట్టుకుపోయుండేది.

గేటు పక్కనే దాలమ్మ బండి.
దబ్బకాయని అడ్డంగా కోస్తే
ముందు పరిగెత్తేది వాసనే.
గరివిడి లారీల నల్లధూళిని తోసుకుంటూ
స్కూటర్ల వరస చివరిదాకా వెళ్లి
ఒక్కొక్కరి చేతా హెల్మెట్ తీయించి వచ్చేది.

రసంలో ఉప్పు, నలిపిన వాము రెండు వేళ్లకి అంటినంత.
బొటనవేలితో గోళీని లోపలికి నొక్కితే
సీసా కీచుమని ఏడ్చి, అంతలోనే నవ్వేది.
ఆ పైన, అన్నిటికన్నా చివర,
దగ్గుమందు సీసా మూతతో
ఒక మూతెడు తాటికల్లు.
తెల్లారగట్ల దించింది,
ఇంకా కోపం రానిది.
మూత మీద గీతలుండేవి. నాకు గౌరవం కలిగింది.

"ఎక్కుతుందా?" అన్నాడు బ్యాంకుకి కొత్తగా వచ్చిన గుమస్తా.
"ఈగ కాలు తడుస్తాది బావూ,
ఈగ తూలదు."

అయినా తాగినవాళ్లు కాస్త గట్టిగా నవ్వేవారు,
గేటుమేన్‌తో చుట్టరికాలు కలిపేవారు.
నేనొకసారి
తాళం వేసున్న ఇంటికి నమస్కారం పెట్టాను.

కల్లు ఆవిడ మొగుడు అసిరయ్యది.
పట్టాలవతల మూడు తాడిచెట్లు,
ముప్పయ్యేళ్లు ఎక్కాడు, దిగాడు.
మోకాళ్లు అరిగాక దిగడమే మిగిలింది.
బండి చక్రం పక్క నీడలో కూర్చున్నాడు.
అతని మోకు ఇప్పుడు సోడా పెట్టెలకి కట్టు.
ఆ తర్వాత కొత్త లైను కోసం చెట్లూ పోయాయి.
ఏ రోజు కొట్టారో ఎవరూ చెప్పలేదు,
ఒక ఉదయం గేటు దగ్గర
ఆకాశం వెడల్పుగా, తప్పుగా ఉంది.

మూత మాత్రం ఆగలేదు.
అందులో అదే మసక తొణుకు.
లెక్కలు చూసే కన్ను ఊరుకోదు కదా, అడిగేశాను.
దాలమ్మ అటూ ఇటూ చూసి
గోనె తొలగించి పాత లొట్టి చూపించింది.
"కొబ్బరినీళ్లు పోసి రేతిరంతా ఉంచుతాను.
కుండ దాని బుద్ది అది మరవనేదు.
ఇంకేటి నేదు బావూ."
గడ్డంతో చక్రం వైపు చూపించి
"ఆయనకి సెప్పకు" అంది.

గూడ్సు వచ్చింది. యాభై ఎనిమిది పెట్టెలు.
ఎంచడం నా జబ్బు.
ఆ చప్పుడు చాటున ఆవిడ ఒక గ్లాసు కిందికి అందించింది.
అసిరయ్య గుక్కని నాలిక మీద నిలబెట్టాడు.
కళ్లు మూశాడు.
భుజాలు కొంచెం కదిలాయి,
పాదాలు ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి.

"నడిమి సెట్టుదే" అన్నాడు.
"ఉత్తరపు పక్క గెల.
ఈయేడు పులుపు మీదుంది."

దాలమ్మ తలెత్తకుండా ఇంకో దబ్బకాయ కోసింది.
అసిరయ్య నా వైపు తిరిగి
ఒక కన్ను, చాలా కొంచెంగా,
ఈగ కాలు తడిసేటంత,
మూశాడు.

గేటు లేచింది. హారన్లు.
నా గ్లాసులో ఇంకా సగం ఉంది.